భాద్రపదంలో వచ్చిన ఉరుసు

లాలెప్ప కంటే వెనక వచ్చినవాళ్లందరికీ తాత మాట చెప్పేశాడు. నిరుడు వచ్చిన గాజుల నబీసాబుకు కూడా చెప్పాడు. లాలెప్పకు మాత్రం చెప్పలేదు.

మాట అంటే పెద్ద మంత్రమేమీ కాదంటారు. ఒకనాటి పొద్దున తాత శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో ఏదో అంటాడు. అంతే. కానీ విన్నవాడు లేచేటప్పటికి వాడి మొహం మారి ఉంటుంది. నబీసాబు అయితే ఆ రోజంతా గాజుల మలారం ముందు పెట్టుకుని, ఒక్క గాజూ అమ్మకుండా నవ్వుతూ కూర్చున్నాడు. అది చూసి లాలెప్ప ఆ పూట ఉల్లిగడ్డలు అవసరానికి మించి సన్నగా తరిగాడు.

ఇదంతా సంస్థానాల కాలం నాటి సంగతి. నల్లమల కొండలు దిగి మైదానంలో కాలు పెట్టేచోట ఒక ఫకీరు తకియా ఉండేది. పెద్ద హంగేమీ లేదు. ఆయన గురువు సమాధి, దాని ముందు బోదగడ్డి పందిరి, వెనక వరసగా పొయ్యిలు, పక్కన వాగు. ఎండనకా వాననకా భుజాన నల్లగొంగడి ఉండేది గనక ఆ ఫకీరును అందరూ గొంగడితాత అనేవాళ్లు. తురకలూ వచ్చేవాళ్లు, రెడ్లూ వచ్చేవాళ్లు, కొండ మీది చెంచులూ వచ్చేవాళ్లు. ఎవరొచ్చినా ముందు బువ్వ, తరవాతే దండం.

ఆ బువ్వ వండేవాడు లాలెప్ప. తకియాకు రాకముందు అతను ఒక దొర వేట బిడారంలో వంటవాడు. అడవిలో డేరాలు వేసి నెలల తరబడి వేటాడే దొర ఆయన. ఆయనకు ఒక సరదా ఉండేది. అతిథులు వచ్చినప్పుడు లాలెప్ప కళ్లకు గంతలు కట్టించి నోట్లో ఒక ముక్క పెట్టించేవాడు. అది ఏ జంతువో, ఆడదో మగదో, ఏ నెలలో కొట్టిందో, చచ్చేముందు ఏం మేసిందో లాలెప్ప చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆకలి రుచెరగదు అంటారు. "ఆకలి ఎరగదేమో గానీ నేనెరుగుదును" అనేవాడు లాలెప్ప. దొర పోయాక బిడారం చెదిరింది. కత్తీ గరిటా మూట కట్టుకుని ఊళ్లు తిరుగుతూ ఒక ఉరుసునాడు ఇక్కడికొచ్చి, ఇక ఉండిపోయాడు. గంతలు పోయాయి గానీ నాలుక మాత్రం అదే.

తకియాలో ఒక పద్ధతి ఉంది. తాత మొదటి ముద్ద పెట్టుకునేదాకా ఎవరూ తినరు. ఆ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తాత కళ్లు మూసుకుంటాడు. "లాలెప్పా, ఇదేందో చెప్పు" అంటాడు.

లాలెప్ప అందుకోసమే కాచుక్కూచున్నట్టు మొదలుపెట్టేవాడు.

"కార్తీకం దాటిన దుప్పి తాతా ఇది. వానలకు మేసిన గడ్డంతా కొవ్వయి నడుము మీద కూచోనుంది. మంచు పడే నెలల్లో దుప్పికి ఉన్న తీపి ఇంక దేనికీ ఉండదు."

ఎండాకాలమైతే ఇంకో రకం. "ఇది చైత్రం నాటిది. ఇప్పపూలు రాలినచోట తిరిగింది. పులుసులో నేను బెల్లం వేయలేదు, అదే తెచ్చుకుంది."

ఒక ఏడు కొండ మీద వెదురు పూసి కంకి పట్టింది. అడవికోడి ముక్క కొరికి, "వెదురుబియ్యం తిన్న కోడి ఇది. మళ్లీ ఈ రుచి మన జన్మలో రాదు తాతా" అన్నాడు లాలెప్ప. ఆ ముక్క తిన్నవాళ్లు ఇంటికి పోయి ఏడాది పాటు చెప్పుకున్నారు.

తాత చివరిదాకా కళ్లు మూసుకునే వినేవాడు. విని, "బాగుంది" అనేవాడు. అప్పుడు అందరి చేతులూ విస్తళ్లలోకి దిగేవి. ఆ "బాగుంది" తన నాలుకకు పడిన రాజముద్ర అని లాలెప్ప నమ్మకం.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. లాలెప్ప నోటికి రుచి తెలిసినంతగా మొహమాటం తెలియదు. మాంసం బాగోకపోతే బాగోలేదనే చెప్పేవాడు, తెచ్చినవాడు ఎదురుగా కూర్చుని ఉన్నా సరే. "వానలో పట్టిన చెవులపిల్లి తాతా, నీళ్లు తప్ప మాంసం లేదు." "జతకట్టే కాలంలో పోతును కొట్టినారు. ఎంత అల్లం నూరినా ఆ కంపు పోదు." తెచ్చినవాడు తల వంచుకునేవాడు. తాత మాత్రం అప్పుడూ "బాగుంది" అనేవాడు. పెద్దాయన గదా, ఒకరి మనసు నొప్పించడు అనుకునేవాడు లాలెప్ప.

నబీసాబుకు మాట దొరికాక లాలెప్ప ఇక ఆగలేకపోయాడు. ఒకనాడు తాతకు కాళ్లు పిసుకుతూ అడిగేశాడు.

"నాకెప్పుడు చెప్తావు తాతా?"

"ఉరుసు రానీ" అన్నాడు తాత. "ఉరుసు బువ్వ అందరూ తిన్నాక చెప్తా."

లాలెప్పకు నవ్వొచ్చింది. "నా చేతి వంట తినకుండా పోయేవాడు ఎవరుంటారు తాతా!"

"అందరూ తినాల" అన్నాడు తాత మళ్లీ, ఇంకో కాలు చాపుతూ.

ఉరుసంటే పెద్ద గురువు కన్నుమూసిన రోజు. ఆ రోజు కొండ మీది నుంచీ కింది నుంచీ జనం వస్తారు. ఎవరికి కలిగింది వాళ్లు తెస్తారు. గుప్పెడు కొర్రలు, నాలుగు మిరపకాయలు, ఒక ఉల్లిగడ్డ, ఏదైనా సరే. అన్నీ ఒకే పెద్ద డేగిశాలో పడాలి, అందరూ అందులోనిదే తినాలి. చెంచుల గూడెం నుంచి మాత్రం ఎప్పుడూ అడవి మాంసమే వచ్చేది. అది బయ్యన్న ఇంటి వంతు. అతని తండ్రి తెచ్చేవాడు, తండ్రి పోయాక అతను తెస్తున్నాడు. బాణం వదిలేముందు దేవుడి పేరు తలుచుకోవాలని తాత అతనికి చెప్పాడు. ఏ దేవుడో తాత చెప్పలేదు, బయ్యన్న అడగలేదు.

ఇక్కడొక చిక్కు ఉంది. మన పంచాంగంలో అధికమాసాలొచ్చి నెలలను రుతువుల దగ్గర కట్టేసి ఉంచుతాయి. ఉరుసు లెక్కకు అవి లేవు, అది ఒట్టి చంద్రుడి వెంట నడుస్తుంది. అందుకని కొన్నేళ్లకొకసారి ఒక నెల వెనక్కి జారుతుంది. లాలెప్ప వచ్చిన కొత్తలో ఉరుసు మార్గశిరంలో వచ్చేది. చలి, నెగళ్లు, కొవ్వు పట్టిన దుప్పులు, ఆ రోజుల వైభవమే వేరు. జారుతూ జారుతూ నిరుటికి దసరా పక్కకు చేరింది. ఈ ఏడు మధ్యలో అధికమాసం వచ్చిపడింది. దాంతో ఉరుసు భాద్రపదంలోకి దిగింది.

భాద్రపదంలో కొండమీద వేట లేదు. తొలకరి పడగానే గూడెంలో విల్లు నారి విప్పి చూరులో పెడతారు. మళ్లీ దసరాకే దించుతారు. ఆ నెలల్లో దుప్పులు ఈనుతాయి, పాలిస్తాయి. పాలిచ్చే తల్లిని కొట్టిన విల్లు మళ్లీ గురి చూడదని వాళ్ల నమ్మకం. ఈ సంగతి లాలెప్పకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఈసారి అడవి మాంసం ఊసెత్తకుండా కింది ఊరి శేషిరెడ్డికి కబురు పెట్టాడు. ఆయన లేత పొట్టేళ్లను తోలించాడు. తన మాట తనకు దక్కబోయే రోజు. వంట కూడా అందుకు తగ్గట్టే ఉండాలని లాలెప్ప పట్టుదల.

ఉరుసునాడు తెల్లవారకముందే పొయ్యిలు వెలిగాయి. పొద్దెక్కేసరికి డేగిశాలో పొట్టేలు మాంసం కుతకుత ఉడుకుతోంది. ఆ వాసనకు వాగు అవతల కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టు తెచ్చింది ఇస్తున్నారు, లాలెప్ప అందుకుని చూసి లోపల వేస్తున్నాడు.

అప్పుడు వచ్చాడు బయ్యన్న. మోదుగాకుల్లో చుట్టిన దుప్పి తొడ ఒకటి భుజాన ఉంది. గడ్డం పెరిగింది. పిక్కల మీద ముళ్లు గీసిన గీతలు. దించి లాలెప్ప ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లాలెప్ప ఆకులు విప్పి వేలితో నొక్కాడు. మాంసం నల్లగా ఉంది. పోగులు మోకుతాళ్లలా లావుగా ఉన్నాయి. వెతికితే ఒక్క చోట కూడా కొవ్వు లేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇదేంది బయ్యన్నా! ఈ నెలలో దుప్పి ఏంది? అందులోనూ ఇట్లాంటిదా? ఇది పడితే నా డేగిశా అంతా చెడుతుంది. కుక్కలకేసినా రెండుసార్లు ఆలోచిస్తాయి. తీసుకపో."

చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. బయ్యన్న వంగాడు. ఆకులు మళ్లీ చుట్టాడు.

"అట్లనా అప్పా" అన్నాడు. తొడ భుజానికెత్తుకుని వచ్చిన దారినే కొండెక్కిపోయాడు.

పందిరి కింద సమాధికి ఆనుకుని కూర్చున్న తాత ఇదంతా చూశాడు.

మధ్యాహ్నానికి వంటయింది. వరసలు కూర్చున్నాయి. విస్తళ్లు వేశారు. ఒక పక్క కొర్రబువ్వ రాశి, డేగిశాలో నూనె తేలిన మాంసం పులుసు. పిల్లలు గుటకలు మింగుతున్నారు. లాలెప్ప తాత మట్టిమూకుడు కడిగి, అన్నిటికన్నా మంచి ముక్క ఏరి, తీసుకొచ్చి ముందు పెట్టాడు. ఇక ముద్ద పెట్టుకోవడం, "చెప్పు" అనడం, ఆ తరవాత మాట.

తాత మూకుడులోది వెనక్కి డేగిశాలో పోశాడు. ఖాళీ మూకుడు చేత్తో పట్టుకుని, గొంగడి సర్దుకుని లేచాడు.

వాగుకు పోతున్నాడేమో అనుకున్నారందరూ. వాగు దాటాడు. కొండదారి పట్టాడు. అది బయ్యన్న పోయిన దారని లాలెప్పకు అప్పుడు తట్టింది. గరిటె నబీసాబు చేతిలో పెట్టి వెనకే పరుగెత్తాడు.

అతను గూడెం చేరేసరికి తాత బయ్యన్న గుడిసె ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. బయ్యన్న నిప్పుల మీద ముక్కలు కాలుస్తున్నాడు. అతని పెళ్లాం ఈదమ్మ మూకుడులో వేస్తోంది. తాత నములుతున్నాడు. మెల్లగా, దవడ కదిలినప్పుడల్లా గడ్డం కదులుతూ నములుతున్నాడు. లాలెప్పను చూసి కోప్పడలేదు. పక్కన చోటు చూపించాడు.

"వచ్చినావా, మంచిదయింది. నువ్వు లేకపోతే ఎట్లని చూస్తాండా. ఇదేందో చెప్పు."

లాలెప్ప కూర్చున్నాడు. ఈదమ్మ మాత్రం అతనికి ముక్క వేయకుండా వెనక్కి జరిగింది.

"నీకొద్దులే అన్నా" అంది. "ఇంట్లో ఉప్పు అయిపోయింది. తాతకంటే ఉప్పున్నా లేకున్నా ఒకటే. నీకు పెట్టాలంటే సిగ్గయితాంది."

"తాతకు ఒకటే అంటే?"

ఈదమ్మ వింతగా చూసింది. "నీకు తెలీదా? ఆ యేడు అడివి జరమొచ్చి తాత ఈ గుడిసెలోనే పడుండె గదా. మా అత్త కసాయం కాచి పోసింది. జరమైతే పాయ గానీ నాలిక రాలేదు. అప్పటినుంచీ ఉప్పూ కారం ఏదీ తెలీదు తాతకు. నువ్వు రాకముందు మాట అది. పక్కనే ఉంటావు, నీకు చెప్పలేదా?"

లాలెప్ప తాత వంక చూశాడు. తాత తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా నవ్వాడు.

లాలెప్పకు కార్తీకపు దుప్పి గుర్తొచ్చింది. ఇప్పపూల దుప్పి గుర్తొచ్చింది. వెదురుబియ్యం తిన్న అడవికోడి గుర్తొచ్చింది. ప్రతి పూటా కళ్లు మూసుకుని, "ఇదేందో చెప్పు" అన్న ఆ గొంతు గుర్తొచ్చింది. తన విద్యను పరీక్షిస్తున్నాడనుకున్నాడు ఇన్నేళ్లూ. ఆ ముసలాయన లాలెప్ప నోటితో తింటున్నాడని తెలియదు. మాంసం బాగోలేదని తను ముఖం చిట్లించి చెప్పిన రోజుల్లో తాత ఏం తిని ఉంటాడు? లాలెప్ప ఈదమ్మ ముందు చెయ్యి చాపాడు.

"వెయ్యి తల్లీ, నాకూ వెయ్యి" అన్నాడు.

ఈదమ్మ ఒక ముక్క వేసింది. లాలెప్ప నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. కట్టెలా ఉంది. అలవాటున నాలుక తన పని తను చేసుకుపోయింది. పోతు. ముసలిది. ఎన్నో వానలు చూసింది. కొండంతా పచ్చగా ఉన్న నెలలో కూడా ఒంటికి కొవ్వు పట్టలేదంటే పళ్లరిగిపోయి ఉండాలి. మందతో తిరిగిన దుప్పికి ఉండే వాసన లేదు, ఒంటిగా తిరిగింది. అంతవరకూ వచ్చి నాలుక ఆగిపోయింది. పొద్దున వేలితో నొక్కినప్పుడే ఇవన్నీ తెలిశాయి. తెలిసి కూడా తనకు తట్టనిది ఒకటుంది.

"బయ్యన్నా" అన్నాడు. "దీన్నే ఎందుకు కొట్టినావు?"

బయ్యన్న నిప్పులు ఎగదోస్తూ చెప్పాడు. "ఉరుసుకు ఒట్టి చేతులతో ఎట్లా వచ్చేదప్పా? మా నాయన నాటినుంచీ తప్పలేదు. అట్లని ఈ నెలలో విల్లు దించగూడదు. పెద్దోళ్లనడిగితిని. పిల్లల్ని పుట్టించలేనిది, మంద ఇడిసింది, దసరా దాకా బతకనిది దొరికితే కొట్టుకోమన్నారు. అట్లాంటిది దొరకాల గదా. ఏ చెలమ కాడికి పోయినా తల్లులూ పిల్లలే. ఎదురుగానే నిలబడి చూసేటివి. దాటుకొని పోతా ఉంటిని. ఆఖరికి అవతల లోయలో ఇది దొరికింది. ఒక కాలు ఈడుస్తాండె."

"ఈ మాట పొద్దున నాకు చెప్పలేదే!"

"నీకు తెలీందేముందప్పా?" అన్నాడు బయ్యన్న. అందులో ఎత్తిపొడుపు లేదు. "నీ నాలికకు అన్నీ తెలుసంటారు. నెల గాని నెలలో కొట్టినా గదా, తెలిసే వద్దన్నావనుకుంటి. నాదే తప్పనుకుంటి."

తాత మూకుడులో ఇంకో ముక్క ఉంది. ఆయన ఎదురుచూస్తున్నాడు.

"ఇంకా చెప్పలేదు నువ్వు" అన్నాడు తాత.

"కింద చెప్తా తాతా. అందరి ముందర."

లాలెప్ప లేచాడు. గుడిసె గుంజకు వేలాడుతున్న మిగిలిన తొడ దించి తన భుజం మీద పెట్టుకున్నాడు. బయ్యన్న అందుకోబోతే ఇవ్వలేదు. ఈదమ్మను కూడా రమ్మన్నాడు. నలుగురూ కొండ దిగారు.

కింద జనం ఆకలి మీద గుర్రుగా ఉన్నారు. లాలెప్ప నేరుగా పొయ్యి దగ్గరికి పోయాడు. ముదురు మాంసాన్ని ఎట్లా దారికి తేవాలో అతనికి తెలుసు. పోగుకు అడ్డంగా సన్నగా కోశాడు. పచ్చి బొప్పాయికాయ నూరి పట్టించాడు. తీసుకెళ్లి తన పొట్టేలు పులుసులోనే వేసి, మంట పెంచి, మూత పెట్టాడు.

ముసలి దుప్పి అంత తొందరగా లొంగేది కాదు. అది మెత్తబడేలోపల లేత పొట్టేలు మాంసం ఎముక విడిచి కరిగి పులుసులో కలిసిపోయింది. తెల్లవారుజాము నుంచీ కంటికి రెప్పలా కాచుకున్న వంట అట్లా కళ్లముందే ముద్దయిపోయింది. లాలెప్ప చూశాడు. ఇంకో రెండు కట్టెలు పొయ్యిలోకి తోశాడు.

పొద్దు వాలే వేళకు వడ్డించారు. తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"లాలెప్పా, ఇదేందో చెప్పు."

లాలెప్ప గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ సులభంగా వచ్చే మాటలు ఈసారి ఒక్కొక్కటే వచ్చాయి.

"ఇది ముసలి దుప్పి తాతా. ఎన్నో వానలు చూసింది. మంద వదిలేసి ఒంటిగా లోయలో తిరుగుతాండె. ఇప్పుడు కొండమీద ఎక్కడ చూసినా పిల్లతల్లులే. దీన్ని తెచ్చిన మనిషికి అవి కాళ్లకు అడ్డం పడినాయి. ఆయన కొట్టలేదు. దీనికోసం కొండలన్నీ తిరిగినాడు." బయ్యన్న వైపు చూశాడు. "మనం తింటాండామని ఈ పూట ఏ పిల్లా పాలకోసం ఏడవలేదు తాతా. అదీ దీని రుచి. తెచ్చినాయన బయ్యన్న. పొద్దున నేను ఈయన్ను ఎనక్కి పంపిస్తిని. మళ్లీ వచ్చినాడు, ఆయన దయ." వరసల వైపు తిరిగాడు. "కొంచెం గట్టిగుంటుంది. నిదానంగా నమలండి."

వరసలో కూర్చున్న బయ్యన్న విస్తరిలోకి చూస్తూ ముక్కు తుడుచుకున్నాడు. పొద్దున నవ్విన వాళ్లలో ఒకడు లేచి వెళ్లి అతని లోటాలో నీళ్లు పోశాడు.

తాత కళ్లు తెరవలేదు. నములుతూనే ఉన్నాడు. ఆయన "బాగుంది" అనాలని అందరూ చూస్తున్నారు. ఆయన అనలేదు. మూకుడు ముందుకు చాపి, "ఇంకో ముక్క వెయ్యి" అన్నాడు. తాత మారు వడ్డించుకోవడం ఆ తకియాలో ఎవరూ చూసి ఎరగరు.

అప్పుడు అందరూ తిన్నారు. దవడలు నొప్పి పుట్టేదాకా నమిలారు. నవ్వుకున్నారు, మళ్లీ నమిలారు. డేగిశా అడుగు గీకారు.

చీకటి పడేలోపల జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. పోతూ పోతూ ఈదమ్మ కొంగులో లాలెప్ప ఒక ఉప్పు మూట కట్టాడు. పొయ్యిలు ఆర్పి, గిన్నెలు బోర్లించి, చేతులు కడుక్కుని వచ్చి తాత దగ్గర కూర్చున్నాడు. మాట సంగతి గుర్తుంది. కానీ అడగాలనిపించలేదు. పొద్దున తన చేత్తో తనే ఒకణ్ణి ఆకలితో పంపేశాడు. ఇక ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

తాతే అడిగాడు. "అందరూ తిన్నారా?"

"తిన్నారు తాతా" అనబోయి ఆగాడు లాలెప్ప. పొద్దుటినుంచీ జరిగిందంతా ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. దొర బిడారంలో ఉన్నప్పటినుంచీ వండిన ప్రతిదీ ముందు తనే రుచి చూసేవాడు, అందరికంటే ముందు తనకే ఒక గిన్నె తీసి పెట్టుకునేవాడు. ఈ పూట ఆ సంగతే మరిచిపోయాడు.

"నేను తినలేదు తాతా."

తాత గొంగడి చాటునుంచి మూకుడు తీశాడు. అందులో గుప్పెడు బువ్వ, దాని మీద ఒక ముక్క. ఎప్పుడు దాచాడో తెలియదు. ముందుకు జరిపాడు.

లాలెప్ప రెండు చేతులా అందుకున్నాడు. ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ముదురు ముక్క. ఇంకా పూర్తిగా ఉడకలేదు. అతని కళ్లలోంచి నీళ్లు కారి గడ్డంలోకి దిగుతున్నాయి. ఏ నెలదో, ఏం మేసిందో ఏదీ గుర్తు రావడం లేదు. ఏదో చెప్పాలని నోరు తెరవబోయాడు.

"మెల్లగా నమలరా" అన్నాడు తాత. "మాటకేం తొందర?"